కాలువ నీళ్లు – కంప్యూటర్ స్ట్రీములు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని కొన్నాళ్లు ఆలోచించాను. చివరికి నేను పీజీలో చదువుతున్న కంప్యూటర్ సైన్సులోంచే ఒక విషయం తీసుకున్నాను. దానికి ఒక కారణం ఉంది.

ఈ సంచిక చివరి పేజీల్లో పూర్వ విద్యార్థుల పేర్ల పట్టిక చూస్తారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు ముందర పెట్టుకుని, స్టడీ అవర్ అయిపోయాక తమ్ముళ్లు కూర్చుని ఒక్కొక్క పేరు తెలుగులో టైపు చేశారు. పేరు, తండ్రి పేరు, ఊరు, హాస్టల్లో చేరిన సంవత్సరం – ఒక్కొక్కరికి ఒక లైను. మొత్తం రెండు వేలకు దగ్గరగా లైన్లు. ఆ ఫైలును సంవత్సరాల వారీగా విడదీసే పని నాకు అప్పగించారు. చిన్న ప్రోగ్రాం రాశాను. ముందుగా పది పేర్లతో పరీక్షించాను, బాగానే వచ్చింది. మొత్తం ఫైలు మీద నడిపించి ఇచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ప్రూఫు చూస్తున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఈ పేరు మధ్యల ప్రశ్న గుర్తులేంది?" అన్నాడు. వెతికితే అలాంటివి రెండు దొరికాయి. పేరు సగం వచ్చి, మధ్యలో నల్లని డైమండ్లలో ప్రశ్నార్థకాలు వచ్చి, మళ్లీ పేరు సాగింది. ఒకటి ఒక అన్న పేరు, ఇంకొకటి మరో అన్న తండ్రి పేరు.

టైపు చేసిన వాళ్ల తప్పు కాదు. ఫైలు తెరిచి చూస్తే అందులో పేర్లు శుభ్రంగా ఉన్నాయి. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది. ఒక్క అక్షరం తేడా వస్తే స్కాలర్‌షిప్ కోసం ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో మనలో చాలామందికి తెలుసు. అలాంటిది నా చేతుల మీదుగానే రెండు పేర్లు చెడిపోయాయి. ఆ తప్పు ఎందుకు జరిగిందో, ఎలా సరిదిద్దానో చెప్పడానికే ఈ వ్యాసం. దానికి ముందు స్ట్రీమ్ అంటే ఏమిటో తెలియాలి.

ఒక్క మాట. ప్రోగ్రాంలో వాడే పదాలను ఇక్కడ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను. కంప్యూటర్లో టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి.

బకెట్టుతో వడ్డన

మన మెస్సులో రాత్రి భోజనం గుర్తు తెచ్చుకోండి. అన్నం పెద్ద డేగిశాలో వండుతారు. ఆ డేగిశాను ఎత్తుకొచ్చి ఎవరి కంచంలోనూ ఒంపరు. ఒకరు బకెట్టులో నింపుకొచ్చి వరుసగా వడ్డిస్తూ పోతారు. బకెట్టు ఖాళీ అయితే వెళ్లి మళ్లీ నింపుకొస్తారు. వంద మందికి వడ్డించడానికి వంద మందికి సరిపోయే బకెట్టు అక్కర్లేదు. చిన్న బకెట్టు చాలు, తిరిగే ఓపిక ఉండాలి.

కంప్యూటర్లో ఫైలు హార్డ్ డిస్కులో ఉంటుంది. పని మాత్రం మెమొరీలో, అంటే ర్యామ్‌లో జరుగుతుంది. ఫైలు పెద్దది, మెమొరీ చిన్నది అయినప్పుడు మొత్తం ఫైలును ఒకేసారి మెమొరీలోకి తేవడం కుదరదు. కాబట్టి కొంచెం కొంచెంగా తెచ్చి, పని చేసి, పంపించి, మళ్లీ తెస్తాం. అలా ముక్కలుగా వరుసగా ప్రవహించే డేటానే స్ట్రీమ్ అంటారు. ఒక్కొక్క ముక్కను చంక్ అంటారు. ముక్క కాసేపు ఆగే చోటును బఫర్ అంటారు. మన బకెట్టు అదే.

స్ట్రీములు ముఖ్యంగా రెండు రకాలు. దేనిలోంచి డేటా చదువుకుంటామో అది రీడబుల్ స్ట్రీమ్. దేనిలోకి డేటా రాస్తామో అది రైటబుల్ స్ట్రీమ్. చదవడానికి తెరిచిన ఫైలు, కీబోర్డు, ఇంటర్నెట్ నుంచి వచ్చే పేజీ – ఇవి మొదటి రకం. రాయడానికి తెరిచిన ఫైలు, తెర, ప్రింటరుకు పంపే సమాచారం – ఇవి రెండో రకం. రెంటికీ మధ్యలో కూర్చుని, వచ్చినదాన్ని మార్చి పంపేది మూడో రకం, ట్రాన్స్‌ఫామ్ స్ట్రీమ్. రైస్ మిల్లు లాంటిది. ఒక పక్క వడ్లు పోస్తే ఇంకో పక్క బియ్యం వస్తాయి. ఫైలును కుదించే జిప్ పని ఈ రకం కిందికే వస్తుంది.

మీరు రోజూ ఫోన్లో చూసేదీ ఇదే. వీడియో మొత్తం దిగిన తర్వాత ఆట మొదలవ్వదు. ముందు కొన్ని ముక్కలు వస్తాయి, బొమ్మ మొదలవుతుంది, మిగతావి వెనక వస్తుంటాయి. నెట్‌వర్క్ మందగిస్తే చక్రం తిరుగుతుంది. దాన్నే బఫరింగ్ అంటున్నాం. బకెట్టు ఖాళీ అయింది, నింపుకురావడానికి వెళ్లారు అని దాని అర్థం.

నేను చేసిన మొదటి పొరపాటు

పేర్ల సంగతికి ముందు ఇంకో పొరపాటు చేశాను. పీజీ ప్రాజెక్టులో నాకు 6 జీబీ ఉన్న వాతావరణ రీడింగుల ఫైలు ఇచ్చారు. నేను కూర్చున్న ల్యాబ్ కంప్యూటర్ మెమొరీ 4 జీబీ. ఫైలులో అక్కర్లేని వరుసలు తీసేసి, మిగిలిన వాటిని ఒక పెన్‌డ్రైవులో రాయాలి.

ఫైలు మొత్తం ఒకేసారి చదవమని రాస్తే ప్రోగ్రాం మొదట్లోనే మొరాయించింది. అప్పుడు పుస్తకం చూసి రీడబుల్ స్ట్రీమ్ నేర్చుకున్నాను. హార్డ్ డిస్కు నుంచి ఒక ముక్క రాగానే దాన్ని వడకట్టి పెన్‌డ్రైవు స్ట్రీములోకి "రైట్" అని పంపడం మొదలుపెట్టాను. ఇంకేం, సమస్య తీరిపోయిందనుకున్నాను. కాసేపటికి మౌసు కదలడం మానేసింది. ఆ తర్వాత కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయింది.

కారణం చాలా చిన్నది. హార్డ్ డిస్కు వేగంగా చదువుతుంది, పెన్‌డ్రైవు మెల్లగా రాస్తుంది. వేగంగా వచ్చిన ముక్కలు మెల్లగా పోయే చోట ఆగిపోయాయి. ఎక్కడ ఆగాయి? మెమొరీలోనే. వద్దనుకున్న పనే మళ్లీ జరిగింది. ఫైలును ఒకేసారి తేలేదు కానీ, ముక్కలు ముక్కలుగా తెచ్చి చివరికి చాలా భాగం మెమొరీలోనే పోగు చేశాను.

స్ట్రీమ్ అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదు. వచ్చే వేగానికీ పోయే వేగానికీ పొత్తు కుదరాలి. ఈ మాట నాకు పుస్తకం కంటే ముందు మన కాలువ చెప్పి ఉండాల్సింది. నేనే పట్టించుకోలేదు.

తూము దగ్గర పాఠం

మన బాన్సువాడ మీదుగా పోయే నిజాంసాగర్ ప్రధాన కాలువ అందరికీ తెలుసు. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ప్రాజెక్టు అది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టారు. పూర్తి నీటిమట్టం 1405 అడుగులు. కట్టిన నాడు దాదాపు 29.7 టీఎంసీల నీళ్లు పట్టేది. పూడిక పేరుకుని అది 17.8 టీఎంసీలకు తగ్గింది.

సాగర్ నుంచి నీళ్లు నేరుగా మడిలోకి రావు. ప్రధాన కాలువ, దాని నుంచి డిస్ట్రిబ్యూటరీ, దాని నుంచి పిల్ల కాలువ, అక్కణ్నుంచి మడి. ప్రతి చోటా ఒక తూమో షట్టరో ఉంటుంది. మేం కౌలుకు చేసిన పొలానికి రాత్రి తడి వచ్చినప్పుడు నాయినతో పాటు నేనూ పోయేవాణ్ని. మడి నిండగానే నాయిన మడవ మూసేవాడు. చెప్పుకోవడానికి ఏమీ లేని పని. కానీ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. మడవ మూస్తే పిల్ల కాలువలో నీళ్లు పైకి లేస్తాయి. అక్కడ నిండితే లష్కర్ వచ్చి తూము తగ్గిస్తాడు. అలా చాలా తూములు తగ్గితే డిస్ట్రిబ్యూటరీ నిండుతుంది, దాని షట్టర్ దించుతారు. ఆఖరికి ఆ కబురు సాగర్ దాకా పోయి అక్కడ వదిలే నీళ్లు తగ్గుతాయి.

నీళ్లు పై నుంచి కిందికి పారతాయి. చాలు అనే మాట కింది నుంచి పైకి పోతుంది. స్ట్రీముల్లో ఈ రెండో దాన్ని బ్యాక్‌ప్రెషర్ అంటారు. నా ప్రాజెక్టులో నీళ్లు పారాయి కానీ చాలు అనే మాట పైకి పోలేదు.

నోడ్ అనే జావాస్క్రిప్ట్ వేదికలో (2009లో ర్యాన్ డాల్ తయారుచేశాడు) ఈ కబురు ఎలా పోతుందో చెప్తాను. రైటబుల్ స్ట్రీముకు ఒక మట్టం ఉంటుంది. దాని పేరే హై వాటర్ మార్క్, అంటే నిండు నీటిమట్టం గుర్తు. మనం "రైట్" అని ఒక ముక్క పంపినప్పుడల్లా అది జవాబు చెప్తుంది. ఇంకా చోటుంటే "ట్రూ" అంటుంది. మట్టం తాకితే "ఫాల్స్" అంటుంది. ఫాల్స్ అంటే ముక్కను తీసుకోలేదని కాదు. తీసుకుంది, కానీ ఇక ఆగమంటోంది. అప్పుడు మనం రీడబుల్ స్ట్రీమును "పాజ్" చేయాలి. లోపల ఉన్నది రాసేసి ఖాళీ అయ్యాక రైటబుల్ స్ట్రీము "డ్రెయిన్" అని కబురు పెడుతుంది. అప్పుడు "రెజ్యూమ్" అని మళ్లీ తూము ఎత్తాలి.

నేను ఆ ఫాల్స్‌ను చదవనే లేదు. అది ఆగమన్నా పంపుతూనే ఉన్నాను. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. హై వాటర్ మార్క్ గోడ కాదు, గోడ మీద గీసిన గీత. గీత దాటి పోసినా అది వద్దనదు, మెమొరీ ఉన్నంత వరకూ దాచుకుంటూనే పోతుంది. ఆపాల్సిన బాధ్యత ప్రోగ్రాం రాసేవాడిది.

రోజూ ఇంత శ్రమ అక్కర్లేకుండా "పైప్" అనే పద్ధతి ఉంది. రీడబుల్ స్ట్రీమును రైటబుల్ స్ట్రీముకు పైప్ చేస్తే ఆపడం, వదలడం అదే చూసుకుంటుంది. అయితే మధ్యలో ఒకటి చెడిపోతే పైప్ మిగతావాటిని మూయదు. అందుకని 2018 నుంచి నోడ్‌లో "పైప్‌లైన్" అనేది వచ్చింది. ఎక్కడ తెగినా అది అన్నింటినీ మూసి, తప్పు ఎక్కడో మనకు చెప్తుంది. కొత్తగా నేర్చుకునే వాళ్లు దాన్నే అలవాటు చేసుకోవడం మంచిది. నా ప్రాజెక్టు ప్రోగ్రామును అలా మార్చి రాస్తే అదే 4 జీబీ కంప్యూటర్లో 6 జీబీ ఫైలు నెమ్మదిగా, ఇబ్బంది లేకుండా పూర్తయింది.

పూడిక సంగతి కూడా ఊరికే చెప్పలేదు. పని అయిపోయిన పాత ముక్కలను ప్రోగ్రాం ఏదో ఒక జాబితాలో పట్టుకునే ఉంటే, వాటి చోటు మళ్లీ వాడుకోవడానికి దొరకదు. మెమొరీ పేరుకు 4 జీబీయే, పనికి వచ్చేది తగ్గుతూ పోతుంది. దీన్ని మెమొరీ లీక్ అంటారు. పని అయిన ముక్కను వదిలేయాలి.

ఇంకో తేడా కూడా ఉంది. ఫైలు సాగర్ లాంటిది. తూము మూసినా నీళ్లు ఎక్కడికీ పోవు, రేపు వాడుకోవచ్చు. కానీ పైన పడే వానను ఆగమనలేం. ఎక్కడో జరుగుతున్న క్రికెట్ ఆటను నేరుగా పంపే కెమెరా అలాంటిది. చూసేవాడి నెట్‌వర్క్ మందంగా ఉందని అక్కడ ఆట ఆగదు. అలాంటప్పుడు కొంత దాచుకోవాలి, దాచే చోటు నిండితే కొంత వదిలేయాలి, మంజీరకు వరద వచ్చినప్పుడు గేట్లు ఎత్తినట్టే. స్ట్రీముతో పని మొదలుపెట్టే ముందు మనది ఆపగలిగే నీళ్లా, ఆపలేని వానా అని ఆలోచించుకోవాలి.

ఈ మాటలు ఎక్కడివి?

స్ట్రీమ్ అంటే ఏరు. పైప్ అంటే గొట్టం. డ్రెయిన్ అంటే నీళ్లు తీసేయడం. ఈ విద్యలో మాటలన్నీ నీళ్లవే. దీనికి ఒక చరిత్ర ఉంది. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకల్‌రాయ్ అనే ఆయన ఒక చిన్న నోటు రాశాడు. తోటకు నీళ్లు పట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములను కూడా కలపగలగాలన్నది అందులో ఆయన ఆలోచన. అది ఆచరణలోకి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో పైపులు చేర్చాడు. అప్పటి నుంచి ఒక ప్రోగ్రాం రాసింది ఇంకో ప్రోగ్రాం చదువుకోవాలంటే మధ్యలో ఒక నిలువు గీత పెడితే చాలు.

లైనక్స్‌లో కూడా అదే గీత ఉంది. అక్కడ ఒక పైపు మామూలుగా 65,536 బైట్లు పట్టుకుంటుంది. నిండితే రాసే ప్రోగ్రాం తనంతట తానే ఆగుతుంది. అవతలి వాడు కొంత చదివాక మళ్లీ కదులుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడిచేది కూడా లైనక్సే. కెన్ థాంప్సన్ పేరు గుర్తుంచుకోండి. ఆయన మన తెలుగు సంగతిలో మళ్లీ వస్తాడు.

తెలుగు అక్షరానికి మూడు బైట్లు

ఇప్పుడు విరిగిన పేర్ల దగ్గరికి వద్దాం. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చే ఏర్పాటు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. దాన్ని 1992లో రాబ్ పైక్‌తో కలిసి తయారు చేసింది పైపులు చేర్చిన ఆ కెన్ థాంప్సనే.

యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, పొల్లు – ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. ఉదాహరణకు "బ" అంటే 224, 176, 172 అనే మూడు బైట్లు వరుసగా ఉండాలి. మూడూ ఉంటేనే బ. ఒకటి తగ్గినా అది ఏ అక్షరమూ కాదు.

మన ఊరి పేరే తీసుకోండి. "బాన్సువాడ" అనేది బ, దీర్ఘం, న, పొల్లు, స, కొమ్ము, వ, దీర్ఘం, డ – మొత్తం తొమ్మిది గుర్తులు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు బైట్లు. ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది బైట్లతో సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. నోడ్‌లో ఫైలును రీడబుల్ స్ట్రీముగా తెరిస్తే, మనం వేరే చెప్పకపోతే, అది ఒక్కో ముక్కకు 64 కేబీ వరకు, అంటే 65,536 బైట్లు తెస్తుంది. అది బైట్లు లెక్కపెట్టి కోస్తుంది. అక్కడ అక్షరం అయిపోయిందా, మధ్యలో ఉందా అని చూడదు. ఒక ఫైలులో లైనుకొకసారి "బాన్సువాడ" అని రాశాం అనుకోండి. లైను చివర గుర్తు ఒక బైటుతో కలిపి లైనుకు 28 బైట్లు. 2,340 లైన్లకు 65,520 బైట్లు. ఇంకా 16 బైట్లకు చోటుంది. 2,341వ లైనులో బ, దీర్ఘం, న, పొల్లు, స అనే ఐదు గుర్తులకు 15 బైట్లు పోతాయి. మిగిలిన ఒక్క బైటులో కొమ్ము మొదటి మూడో వంతు పడుతుంది. దాని మిగతా రెండు బైట్లు తర్వాతి ముక్కలో వస్తాయి.

మొదటి ముక్కను విడిగా అక్షరాలుగా మార్చమంటే కంప్యూటర్ "బాన్స" అని చదివి, చివరి బైటు అర్థం కాక ప్రశ్న గుర్తు పెడుతుంది. రెండో ముక్క మొదట్లో ఉన్న రెండు బైట్లూ అర్థం కాక ఇంకో రెండు ప్రశ్న గుర్తులు పెట్టి "వాడ" అంటుంది. ఊరి పేరు మధ్యలో మూడు ప్రశ్న గుర్తులు! డేటా పోలేదు. బైట్లన్నీ వచ్చాయి. తొందరపడి సగంలో చదివినందుకే పేరు విరిగింది.

సగం లైను, సగం అక్షరం

మన పేర్ల ఫైలు సుమారు 220 కేబీ. అంటే నాలుగు ముక్కలు, మూడు అతుకులు. మూడింటిలో ఒక అతుకు అదృష్టవశాత్తు అక్షరం పూర్తయిన చోట పడింది. మిగతా రెండూ అక్షరం మధ్యలో పడ్డాయి. అందుకే సరిగ్గా రెండు పేర్లు. పది పేర్లతో పరీక్షించినప్పుడు ఫైలు మొత్తం ఒకే ముక్కలో వచ్చింది, అతుకే లేదు. అందుకే తప్పు బయటపడలేదు. చిన్న ఫైలుతో పరీక్షిస్తే కనిపించని తప్పులు ఇలాంటివే. నిజానికి 220 కేబీ ఫైలుకు స్ట్రీమ్ అవసరమే లేదు. ప్రాజెక్టు నుంచి వచ్చిన అలవాటు కొద్దీ వాడాను.

ముక్క చివర లైను సగంలో ఆగుతుందని నాకు ముందే తెలుసు. ఆ సగం లైనును పక్కన దాచి, తర్వాతి ముక్క ముందు అతికించే ఏర్పాటు చేసుకున్నాను. సగం లైను సంగతి తెలుసు కానీ సగం అక్షరం ఉంటుందని తెలియదు. నేను చదివిన పుస్తకంలో ఉదాహరణలన్నీ ఇంగ్లీషువి. అక్షరానికి ఒక్క బైటే ఉన్న చోట అక్షరం సగానికి తెగదు. ఆ ఉదాహరణలతో ఈ తప్పు ఎన్నటికీ కనపడదు. తెలుగు పెడితేనే కనపడుతుంది.

సవరణ ఒక్క లైను. రీడబుల్ స్ట్రీము తెరిచాక "సెట్ ఎన్‌కోడింగ్" అని పిలిచి యూటీఎఫ్-8 అని చెప్పాలి. అప్పుడు స్ట్రీమే లోపల ఒక డీకోడరును పెట్టుకుంటుంది. ముక్క చివర అసంపూర్ణంగా ఉన్న బైట్లను అది బయటికి ఇవ్వదు. దాచిపెట్టి, తర్వాతి ముక్కతో కలిపి పూర్తి అక్షరంగా ఇస్తుంది. బ్రౌజరులో "టెక్స్ట్ డీకోడర్ స్ట్రీమ్" అనేది కూడా ఇదే పని చేస్తుంది. లైను వారీగా చదవాలంటే నోడ్‌లో "రీడ్‌లైన్" ఉంది, సగం లైనును అదే దాచుకుంటుంది.

అక్షరం అసంపూర్ణంగా ఉందని డీకోడరుకు ఎలా తెలుస్తుంది? యూటీఎఫ్-8లో మొదటి బైటే తన వెనక ఇంకెన్ని రావాలో చెప్తుంది. తెలుగు గుర్తులన్నీ 224తోనే మొదలవుతాయి. 224 కనపడిందంటే వెనక ఇంకా రెండు రావాలని అర్థం. రాలేదంటే ఆగాలి. అంత తేలిక. కాగితం మీద లెక్క వేసుకున్నాకే నాకు ఇది పూర్తిగా బోధపడింది.

"అయిపోయింది" అనే మాట రెండుసార్లు

ఇంకో జాగ్రత్త చెప్పి ముగిస్తాను. రీడబుల్ స్ట్రీములో చదవాల్సింది అయిపోతే "ఎండ్" అనే కబురు వస్తుంది. రైటబుల్ స్ట్రీములో రాయాల్సింది అంతా రాసి పంపేశాక "ఫినిష్" అనే కబురు వస్తుంది. రెండూ ఒకటి కాదు. డేగిశాలో అన్నం అయిపోవడం వేరు, ఆఖరి వరుసలో వాళ్ల కంచాల్లోకి అన్నం రావడం వేరు. బకెట్టులో ఇంకా కొంత ఉంటుంది కదా! ఎండ్ రాగానే పని అయిందని పెన్‌డ్రైవు పీకేస్తే ఆఖరి లైన్లు పోవచ్చు. ఫినిష్ వచ్చాక కూడా కంప్యూటర్‌కు చెప్పి, అది సరే అన్నాకే తీయాలి.

తమ్ముళ్లకు చిన్న పని

ఇది చదివి ఊరుకోకుండా ఒకసారి చేసి చూడండి. కంప్యూటర్ లేదని ఆగకండి. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అందులో టర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకోవచ్చు. దానిలో లైనక్స్ కమాండ్లు నడుస్తాయి, నోడ్‌ను కూడా వేసుకోవచ్చు.

ఒకటి: "బాన్సువాడ" అని 5,000 లైన్లున్న ఫైలును ప్రోగ్రాంతోనే తయారు చేయండి. లైను చివర ఒక్క బైటే ఉండాలి సుమా.

రెండు: దాన్ని రీడబుల్ స్ట్రీముగా తెరిచి, ఎన్‌కోడింగ్ చెప్పకుండా, ఒక్కో ముక్కను విడిగా అక్షరాలుగా మార్చి ఇంకో ఫైలులో రాయండి. 2,341వ లైనూ, 4,682వ లైనూ చూడండి. మొదటి దాంట్లో కొమ్ము, రెండో దాంట్లో మొదటి దీర్ఘం విరిగి ఉండాలి. ఎందుకో కాగితం మీద లెక్క వేయండి.

మూడు: ఎన్‌కోడింగ్ చెప్పి మళ్లీ నడపండి. రెండు లైన్లూ బాగుపడాలి.

నాలుగు: ఊరి పేరు బదులు మీ పేరు పెట్టండి. ఎన్ని బైట్లో, ఏ లైనులో తెగుతుందో ముందే లెక్క చెప్పి, తర్వాత నడిపి సరిచూసుకోండి. లెక్క కలిస్తే మీకు స్ట్రీములు వచ్చినట్టే.

మన చేతికి వచ్చే కంప్యూటర్లు చిన్నవి, పాతవి. పెద్ద పని చేయాలంటే పెద్ద మెషినే కావాలని చాలామంది అనుకుంటారు. ఎంత పెద్ద పనైనా కొద్దికొద్దిగా తెచ్చుకుని, నిండితే ఆగి, సగంలో ఉన్నదాన్ని పూర్తయ్యే దాకా దాచుకుంటే చిన్న మెషిన్ కూడా చేస్తుంది. నాకు ఆ నమ్మకం వచ్చింది 4 జీబీ ల్యాబ్ కంప్యూటర్ దగ్గరే.

చివరి పేజీల్లో పేర్లన్నీ ఇప్పుడు సరిగా ఉన్నాయి. ఫైలును మళ్లీ నడిపిన తర్వాత రిజిస్టర్లు ముందు పెట్టుకుని ఆ రెండు పేర్లను అక్షరం అక్షరం పోల్చి చూశాను. ఆ అన్నల పేర్లు బహుశా ఈ హాస్టల్ రిజిస్టర్లో తప్ప ఇంకే పుస్తకంలోనూ ఉండి ఉండవు. మొదటిసారి అచ్చులో వస్తున్నప్పుడు పూర్తిగా రావాలి. ఎవరి పేరులోనైనా ఇంకా తప్పు కనిపిస్తే వార్డెన్ సార్‌కు గానీ సంచిక కమిటీ తమ్ముళ్లకు గానీ చెప్పండి, వచ్చే సంవత్సరం సంచికలో సరిచేసి వేద్దాం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.